కషాయానికి కొలత చెప్పండి

బుగ్గారం నుంచి జగిత్యాల దాకా, అటు కోరుట్ల, ఇటు సిరిసిల్ల దాకా మూలికల టీ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. తులసి టీ, అల్లం టీ, పసుపు టీ, తిప్పతీగ పొడి, తంగేడు పూల పొడి, బరువు తగ్గించే టీ. షుగర్ ఉన్నవాళ్ళకు ఒకటి, బీపీ ఉన్నవాళ్ళకు మరొకటి, ఏ రోగమూ లేనివాళ్ళకు రోగనిరోధక శక్తి పేరుతో ఇంకొకటి. వీటి గురించి చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఒకే మాట అంటారు: పనిచేస్తే చేస్తుంది, చేయకపోయినా పోయేదేం లేదు, ఆకులూ వేర్లే కదా. వినడానికి ఇది చాలా వినయంగా ఉంటుంది. రోగం కుదురుతుందని బల్లగుద్ది చెప్పడం లేదు కాబట్టి ఎవరూ ఎదురు అడగరు. నేను ఖండిస్తున్నది మూలికలను కాదు, ఈ మాటను. మూలికలో మేలు చేసే పదార్థం ఒకటీ కీడు చేసే పదార్థం వేరొకటీ ఉంటాయని, ప్రకృతి మొదటిదాన్ని మాత్రమే వడకట్టి మన గ్లాసులో పోస్తుందని ఊహించుకుంటే తప్ప ఆ మాట నిలబడదు. ఆ ఊహకు రసాయనశాస్త్రంలో ఆధారం లేదు. చాలా మూలికల్లో మేలు చేసే అణువే కీడూ చేస్తుంది. మోతాదు మారితే చేస్తుంది, తాగే మనిషి మారితే చేస్తుంది, తాగే వేళ మారినా చేస్తుంది. ఒంట్లో ఏ పనీ చేయని వస్తువుకే హాని లేదని హామీ ఇవ్వగలం. పని చేస్తుందని చెప్పేవాళ్ళు దాని కొలత కూడా చెప్పి తీరాలి.

ముందు గ్లాసులోకి ఏం వస్తుందో చూడాలి. మొక్కలో ఉన్నదంతా నీళ్ళలోకి దిగదు. పసుపునే తీసుకుందాం. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు తరతరాలుగా పండిస్తున్న పంట అది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది కూడా ఆ పంట కోసమే. పసుపు టీ అమ్మేవాళ్ళు చెప్పే గుణాలన్నీ కర్కుమిన్ అనే పదార్థానివి. పసుపు కొమ్ములో అది సుమారుగా నూటికి మూడు పాళ్ళు ఉంటుంది. అది నూనెలో కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు. కరిగిన కొద్దిపాటి కూడా పేగుల్లోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. 2017లో అమెరికా ఔషధ రసాయనవేత్తలు కర్కుమిన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నింటినీ వరసగా పరిశీలించారు. మనుషుల మీద 120కి పైగా ప్రయోగాలు జరిగినా, రోగికీ వైద్యుడికీ ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా జరిపే కచ్చితమైన పరీక్షలో అది నెగ్గిన దాఖలా ఒక్కటీ లేదని రాశారు. మన తాలింపులో నూనెతో కలిసిన పసుపుకు ఉన్న పాటి అవకాశం కూడా ఉడుకునీళ్ళలో కలిపిన పసుపుకు లేదు. తులసి కథ వేరు. దాని వాసనకు కారణమైన యూజినాల్ ఆవిరిలో సులువుగా ఎగిరిపోతుంది. మూత లేకుండా సగానికి మరిగిస్తే ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది, గిన్నెలో మాత్రం యూజినాల్ తగ్గిపోతుంది. అల్లంలోని జింజెరాల్ ఎండినా మరిగినా షోగాల్‌గా మారుతుంది. అందుకే శొంఠి ఘాటు పచ్చి అల్లం ఘాటులా ఉండదు. అంటే ఒకే మూలిక నానబెడితే ఒక పానీయం, మూతపెట్టి కాస్తే ఒకటి, పావు వంతుకు ఇంకగాస్తే మరొకటి. ఎంత పొడి, ఎన్ని నీళ్ళు, ఎంతసేపు అన్నవి చెప్పకుండా తులసి టీ మంచిది అనడం ఏమీ చెప్పకపోవడమే.

ఈ టీలన్నింటికీ ఉమ్మడిగా చెప్పే గుణం ఒకటుంది, యాంటీఆక్సిడెంట్లు. డబ్బా మీద ఆ మాట లేని టీ అరుదు. అవి ఎక్కువగా పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు. వీటికి ఒక స్వభావం ఉంది, ఇనుమును గట్టిగా పట్టుకుంటాయి. పప్పు, ఆకుకూర, జొన్నరొట్టెల్లో ఉండే ఇనుము అసలే ఒంటికి అందడం కష్టం. పాలీఫినాల్స్ దాన్ని పేగులోనే బంధించి బయటకు పంపేస్తాయి. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ పరిశోధకులు 1999లో దీన్ని కొలిచారు. రొట్టె తింటూ నీళ్ళు తాగినవాళ్ళతో పోలిస్తే, మామూలు టీ తాగినవాళ్ళలో ఇనుము ఒంటబట్టడం నూటికి 79 నుంచి 94 పాళ్ళు తగ్గింది. పుదీనా జాతి ఆకు టీతో 84 పాళ్ళు తగ్గింది. ఎంతో సౌమ్యమైనదని పేరున్న చామంతి జాతి పూల టీతో కూడా 47 పాళ్ళు తగ్గింది. ఇప్పుడు మన సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. కోరుట్లలో, సిరిసిల్లలో రోజంతా ఒకేచోట కూచుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఆ లెక్కకు బయట లేరు. అంగన్‌వాడీలోనో దవాఖానలోనో ఇచ్చిన ఐరన్ గోలీ వేసుకుని, అన్నం తిన్న వెంటనే ఆరోగ్యానికి మంచిదని మూలికల టీ తాగే గర్భిణికి ఆ టీ ఏం చేస్తుందో ఆలోచించండి. గోలీలోని ఇనుమును పట్టుకుపోయేది టీలో దొరలిన కల్తీ కాదు, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో పొగిడిన ఆ పదార్థమే. అన్నానికీ టీకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఇస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఆ ఒక్క వాక్యం డబ్బా మీద రాయడానికి ఎవరికీ చేతులు రావు, ఎందుకంటే హాని లేదన్న మాట అక్కడే తెగిపోతుంది.

తిప్పతీగ దగ్గరికి వస్తే ఈ వాదం ఇంకా సూటిగా రుజువవుతుంది. కోవిడ్ రోజుల్లో కంచెల మీద పాకే ఈ తీగకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. రోగనిరోధక శక్తిని పెంచుతుందని చెప్పగా వాళ్ళూ వీళ్ళూ అని లేకుండా నెలల తరబడి తాగారు. 2020 చివరి నెలల్లో ముంబై వైద్యుల దగ్గరికి కాలేయం దెబ్బతిని వచ్చిన ఆరుగురు రోగుల్లో కనిపించిన ఉమ్మడి కారణం తిప్పతీగ. అది చిన్న లెక్కేనని కొట్టిపారేశారు. ఆ మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యుల నాయకత్వంలో దేశంలోని 13 వైద్య కేంద్రాలు తమ రికార్డులు వెతికితే అలాంటి రోగులు 43 మంది తేలారు. వారి పరిశోధన 2022లో అచ్చయింది. తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లక్షణాలు కనబడేదాకా పట్టిన మధ్యస్థ కాలం 46 రోజులు. కొందరిది కామెర్లతో ఆగింది, కొందరికి పాత కాలేయ జబ్బు ముదిరింది, కొందరికి కాలేయం ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, శరీరం తన రోగనిరోధక శక్తితో తన కాలేయాన్నే దెబ్బకొడుతున్నప్పుడు ఉండే గుర్తులు కనిపించాయి. ఇది గమనించాల్సిన విషయం. రోగనిరోధక శక్తి పెంచుతుందన్న ప్రచారం అబద్ధమైతే ఈ హాని జరిగేదే కాదేమో. తిప్పతీగ నిజంగానే ఆ వ్యవస్థను కదిలించే పదార్థం, అందుకే థైరాయిడ్ వంటి స్వయం నిరోధక జబ్బుల లక్షణం లోపల దాగి ఉన్నవాళ్ళకు అది ప్రమాదమైంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ పరిశోధనలను తప్పుపట్టింది, రోగులు వాడింది అదే జాతికి చెందిన మరో తీగ అయివుండవచ్చని చెప్పింది. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే అది నిజమైనా నా వాదానికే బలం. ఆకు చూసి గుర్తుపట్టడంలో తెలిసినవాళ్ళే పొరబడతారని ఒప్పుకున్నాక, పొడి కొట్టి సంచిలో కట్టిన దాన్ని నిర్భయంగా తాగమని ఎలా చెబుతారు?

ఇక్కడ మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కాలేయం దెబ్బతింటే ముందు కనబడేది పచ్చకామెర్లు. కామెర్లు వచ్చాయంటే ఊళ్ళో చాలామంది మొదట వెళ్ళేది పసరు పోసేవాళ్ళ దగ్గరికి. మూలిక వల్ల వచ్చిన కామెర్లకు మరో మూలిక, అదీ పేరు తెలియనిది. తరువాత దవాఖానకు వెళ్ళినా, ఏం మందులు వాడారని డాక్టర్ అడిగితే కషాయం సంగతి చెప్పరు. దాన్ని మందుగా వాళ్ళు లెక్కపెట్టరు కదా. ఇన్నేళ్ళుగా తాగుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు అన్న సాక్ష్యం ఇలా పుడుతుంది. ఎవరికైనా ఏదైనా అయితే అది కషాయం ఖాతాలో పడే దారే లేదు.

కొన్ని హానులు అసలు ఆ ఖాతాలో పడలేనంత ఆలస్యంగా వస్తాయి. మన చేలగట్ల మీద మొలిచే గాడిదగడపాకు, ఈశ్వరివేరు ఒకే జాతి మొక్కలు. రెండింటికీ పల్లెవైద్యంలో చోటుంది. ఆ జాతి మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల గోలీలు వాడిన ఆడవాళ్ళలో, ఒక మూలికకు బదులు పొరపాటున ఈ జాతి మొక్క కలవడం వల్ల, వంద మందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి. చాలామందికి డయాలిసిస్ దాకా, మార్పిడి దాకా వెళ్ళింది. ఏళ్ళ తరువాత వారిలో పలువురికి మూత్రనాళాల్లో క్యాన్సర్ బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ పదార్థాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన మొదటి వర్గంలో చేర్చింది. తాగిన నాడు కడుపునొప్పి కూడా రాని వస్తువు పదేళ్ళకు కిడ్నీ తీసుకుపోతే, అనుభవం మీద ఆధారపడే ఏ పల్లె జ్ఞానమూ దాన్ని పట్టుకోలేదు. అది పల్లె తప్పు కాదు, కంటితో చూసే అనుభవానికి ఉన్న పరిమితి.

అతిమధురం గురించి రెండు మాటలు. దగ్గు కషాయాల్లో, తీపి కోసం చాలా మూలికల టీల్లో అది ఉంటుంది. పంచదార కంటే ఎన్నో రెట్లు తియ్యనైన గ్లైసిరైజిన్ దాని సారం. అది మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అణిచి, ఒంట్లో ఉప్పు నిలవయ్యేలా, పొటాషియం పోయేలా చేస్తుంది. రక్తపోటు పెరుగుతుంది. రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని ఐరోపా నిపుణులు ఏనాడో చెప్పారు. 2024లో స్వీడన్‌లో జరిగిన పరీక్షలో ఆ 100 మిల్లీగ్రాములకే కొందరిలో రక్తపోటు పెరిగిందని తేలింది. పంచదార మానుకుని తియ్యటి మూలికల టీకి మారిన బీపీ రోగికి ఈ సంగతి చెప్పేదెవరు? బరువు తగ్గించే టీలదీ ఇదే తీరు. వాటిలో చాలావాటికి ప్రాణం నేలతంగేడు, అంటే సునాముఖి ఆకు. అది విరేచనకారి. తగ్గే బరువు నీరూ మలమూ, కొవ్వు కాదు. నెలల తరబడి తాగితే పొటాషియం పడిపోవచ్చు.

మూలికల టీలు ఏవీ పనికిరావని నేను అనడం లేదు. పనికొచ్చేవి ఉన్నాయి, ఆ సాక్ష్యమూ ఉంది. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో రక్తపోటు కొద్దిగా ఎక్కువున్న 65 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ మూడు కప్పుల ఎర్రని హైబిస్కస్ టీ, రెండో జట్టుకు అదే రుచి రంగుల ఉత్తి పానీయం ఆరు వారాలు ఇచ్చారు. మొదటి జట్టులో పై అంకె సగటున 7.2 పాయింట్లు తగ్గింది, రెండో జట్టులో 1.3. ఆ హైబిస్కస్ మన పెరటి మందారం కాదు, మన పుంటికూర జాతిది. కూరగా వండే ఆకు కాదు, పూవు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి పుల్లని రక్షకపత్రాలు. ఏ మొక్క, ఏ భాగం, ఎన్ని కప్పులు, ఎన్ని వారాలు, ఎవరిలో, ఎంత తేడా అన్నవన్నీ చెప్పారు కాబట్టి ఇది జ్ఞానం. గర్భిణుల వికారానికి అల్లం కొంత మేలు చేస్తుందన్నదీ రోజుకు గ్రాము చొప్పున ఇచ్చి చూసి చెప్పిన మాటే. జలుబు చేసినప్పుడు వేడి పానీయం ఇచ్చే సుఖం కూడా అబద్ధం కాదు. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు 30 మందికి ఒకే పళ్ళరసాన్ని వేడిగానూ, వేడి చేయకుండానూ ఇచ్చి చూస్తే, గొంతునొప్పి, నీరసం నుంచి ఉపశమనం వేడిగా తాగినవాళ్ళకే కలిగింది. అందులో మూలికలేవీ లేవు. జలుబు కషాయం ఘనతలో ఎంత భాగం వేడిదో, ఎంత భాగం మిరియాలదో విడదీసి చూడకుండా మొత్తం కీర్తిని మిరియాలకు కట్టబెట్టడం న్యాయం కాదు.

ఇక ఎదురువచ్చే మాటలు. మొదటిది, ఇది మన ఆయుర్వేదాన్ని తక్కువ చేయడమని. నిజానికి హాని లేదన్న మాట ఆయుర్వేదానిది కానే కాదు. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయం పిప్పళ్ళు, క్షారం, ఉప్పు ఈ మూడింటినీ అతిగా వాడవద్దని పేరుపెట్టి హెచ్చరిస్తుంది. పిప్పళ్ళు గొప్ప మందు అని చెప్పిన గ్రంథమే వాటిని నిత్యం తినవద్దని చెప్పింది. మోతాదు, కాలం, రోగి బలం, ఏ అనుపానంతో పుచ్చుకోవాలి అన్న వివరాలతో ఆ శాస్త్రం నిండి ఉంది. వాటన్నిటినీ తీసేసి, ఒక్క మూలిక పేరు మాత్రం డబ్బా మీద మిగిల్చి, ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తాగమని అమ్మడం ఇటీవలి వ్యాపారం. దాన్ని తప్పుపడితే చరకుడు నొచ్చుకోడు.

ప్రభుత్వమే తాగమంది కదా అన్నది రెండోది. 2020 ఏప్రిల్‌లో ఆయుష్ శాఖ ఇచ్చిన క్వాథ సూత్రాన్ని నేను గౌరవంగానే చూస్తాను, ఎందుకంటే అందులో కొలత ఉంది. నాలుగు పాళ్ళు తులసి, రెండు పాళ్ళు దాల్చిన, రెండు పాళ్ళు శొంఠి, ఒక పాలు మిరియాలు. ఆ పొడి 3 గ్రాములు 150 మిల్లీలీటర్ల నీళ్ళలో, రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు. లెక్క వేసి చూద్దాం. 3 గ్రాముల్లో దాల్చిన మూడింట రెండు వంతుల గ్రాము. బజారులో చవకగా దొరికే మందపాటి చెక్క కాసియా రకమైతే, గ్రాముకు సగటున 3 మిల్లీగ్రాముల కౌమరిన్ ఉంటుందని జర్మనీ ఆహార భద్రతా సంస్థ లెక్క. అంటే ఒక మోతాదులో 2, రెండు మోతాదుల్లో 4 మిల్లీగ్రాములు. కాలేయానికి ఇబ్బంది లేకుండా రోజూ తీసుకోగల పరిమితి కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము, అరవై కిలోల మనిషికి 6. కొలత పాటిస్తే ఆ కషాయం పరిమితి లోపలే ఉంది. కొలత వదిలేసి చెంచాలకొద్దీ పొడి వేసి రోజుకు నాలుగుసార్లు తాగితే పరిమితి దాటుతుంది. అదే చెక్క, అదే ఇల్లు, తేడా అంకెలో ఉంది. ఆ అంకెను మింగేసింది హాని లేదన్న మాటే. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం మందు విషయంలోనూ ఇదే జరిగింది. కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదని, హాని మాత్రం కనబడలేదని నివేదిక రావడంతో, ఆ నెల 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలకు తప్ప ఆ మందుకు అనుమతి ఇచ్చింది. మేలు రుజువు కాని వస్తువుకు హాని లేదన్న మాటే అర్హత పత్రమైంది. ఆక్సిజన్ తగ్గుతున్న మనిషి దవాఖానకు వెళ్ళాల్సిన గంటలు వరసలో నిలబడడంలో పోతే, అది హాని కాక మరేమిటి?

మూడో మాట, ఇంగ్లీషు మందులు కాలేయాన్ని పాడుచేయవా అని. చేస్తాయి. మన దేశంలో మందుల వల్ల కాలేయం దెబ్బతినే సందర్భాల్లో క్షయ మందులదే పెద్ద వాటా. అయినా క్షయ రోగికి అవి ఇవ్వక తప్పదు, ఎందుకంటే ఇవ్వకపోతే మనిషి దక్కడు. ఇస్తూ బరువును బట్టి మోతాదు కడతారు, కళ్ళు పచ్చబడితే ఆపి రమ్మంటారు, రక్తపరీక్ష చేస్తారు. మేలు రుజువైంది కాబట్టి హానిని భరిస్తాం, హాని తెలుసు కాబట్టి కాపలా కాస్తాం. ఏ రోగమూ లేని మనిషికి రుజువు కాని మేలు కోసం ఇచ్చే పొడిలో ఈ రెండూ లేవు. కోట్ల మంది తాగితే 43 మందే కదా అనేవాళ్ళకూ ఇదే జవాబు. తక్కెడలో రెండో వైపు ఏమీ లేనప్పుడు 43 కూడా బరువే.

తంగేడు గురించి అడుగుతారని తెలుసు. బతుకమ్మలో పేర్చే పూవు, మన రాష్ట్ర పుష్పం, షుగర్‌కు మంచిదని పేరు. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు మధుమేహం తెప్పించిన ఎలుకలకు దాని పూల సారం ఇస్తే రక్తంలో చక్కెర తగ్గిందని 2002లో ప్రచురించారు. మంచి సూచనే. కాని అది మనిషిలోనూ పనిచేస్తుందనే అనుకుందాం. అప్పుడు, ఇప్పటికే గ్లిమెపిరైడ్ గోలీ వేసుకునే రోగి దాన్ని కలిపి తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గోలీ మానేసి దీన్ని తాగితే, ఎంత తాగాలో తెలియక చక్కెర పెరగవచ్చు. పనిచేయకపోతే ఒక నష్టం, పనిచేస్తే ఇంకో నష్టం, కొలత లేనంతవరకు. పైగా తంగేడుకు దగ్గరి చుట్టమైన కసింద ఎంత ప్రమాదమో ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో తెలిసింది. మెదడువాపు అనుకున్న పిల్లల మరణాల వెనక ఉన్నది కసింద కాయలేనని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. పసుపుపచ్చని పూలు రెండింటికీ ఉంటాయి.

చివరికి, పెద్ద కంపెనీలకు లాభం లేదు కనుక ఎవరూ మూలికలను పరీక్షించరు అన్న ఫిర్యాదు. ఇందులో కొంత నిజముంది, నేనూ దానితో ఏకీభవిస్తాను. కానీ పుంటికూర జాతి టీని పరీక్షించడానికి పట్టింది 65 మంది, ఆరు వారాలు, ఒక రక్తపోటు యంత్రం. జగిత్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, తంగేడు గుట్టల మీద ఉంది, షుగర్ రోగులు ఊరూరా ఉన్నారు. తంగేడు పూలు ఎన్ని గ్రాములు, ఎంతసేపు కాచి, ఎన్ని వారాలు తాగితే మూడు నెలల సగటు చక్కెర ఎంత మారుతుందో తేల్చడం ఈ జిల్లాకు మించిన పని కాదు. తేలేదాకా డబ్బాల మీద రోగాల పేర్లు తీసేయాలి. మధుమేహం, ఊబకాయం, రక్తపోటు కుదురుస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం ఎప్పుడో నిషేధించింది, దాన్ని అమలు చేస్తే చాలు. వాటి స్థానంలో మొక్క పేరు, ఏ భాగం వాడారు, ఒక కప్పుకు ఎన్ని గ్రాములు, ఎన్ని రోజులకు ఆపాలి, అన్నానికి ఎంత ఎడంగా తాగాలి, గర్భిణులు, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు, షుగర్ బీపీ గోలీలు వాడేవాళ్ళు ఏం చేయాలి అన్నది తెలుగులో, కళ్ళద్దాలు లేకుండా చదవగలిగే అక్షరాల్లో అచ్చువేయాలి.